ఖాండేరి నుంచి ఘేరియా దాకా: ఆంగ్రే కోటల్ని ఇంగ్లీషు కంపెనీ అన్నేళ్లు ఎందుకు పట్టలేకపోయింది?

కొత్తగా_ముంబయి

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి ముంబయి వచ్చాను. పోయిన వారం ఆఫీసువాళ్లతో అలీబాగ్ వెళ్లాం. అక్కడి బీచ్‌కి ఎదురుగా సముద్రంలో కొలాబా కోట ఉంది (ముంబయిలోని కొలాబా వేరు, ఇది వేరు). ఆటు వేళ నీళ్లు వెనక్కి పోతే ప్యాంటు మడుచుకుని నడిచే వెళ్లిపోవచ్చు. ఇది మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే ప్రధాన స్థావరమనీ, ఇంగ్లీషువాళ్లూ పోర్చుగీసువాళ్లూ కలిసి మీద పడ్డా పట్టలేకపోయారనీ గైడు చెప్పాడు.

నా డౌట్ ఇదీ. నేను నడిచి వెళ్లగలిగిన కోటని అంత పెద్ద ఈస్టిండియా కంపెనీ ఎందుకు పట్టలేకపోయింది? ఖాండేరి దీవి అయితే బాంబేకి ఇరవై కిలోమీటర్లే. దాన్నీ పట్టలేకపోయారు. కానీ 1756లో ఆంగ్రేల పెద్ద కోట ఘేరియా (విజయదుర్గ్) రెండు రోజుల్లో పడిపోయిందట. మధ్యలో ఏం మారింది, ఫిరంగులా?

ఇంకోటి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈయన్ని సముద్రపు దొంగ అన్నారు. ఇక్కడ చూస్తే నేవీ స్థావరానికే ఐఎన్‌ఎస్ ఆంగ్రే అని పేరు పెట్టుకున్నారు. ఏది నమ్మాలి?

పాత_సరంగు

తమ్ముడూ, నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. సరుకు ఓడల మీద పనిచేసి రిటైరయ్యాను. కొంకణ తీరం వెంబడి చాలా తిరిగాను కాబట్టి నీళ్ల వైపు నుంచి చెప్తాను. దొంగా దొరా అన్న పంచాయితీ చదువుకున్నవాళ్లు తేలుస్తారు.

ముందు ఓడల సంగతి. కంపెనీ ఓడ అంటే నెలల తరబడి మహాసముద్రాలు దాటి లండన్ చేరడానికి కట్టింది. కడుపు నిండా మిరియాలూ బట్టలూ. నీళ్లలో లోతుగా కూర్చుంటుంది, గాలి ఉంటేనే కదులుతుంది, ఫిరంగులు దాదాపు అన్నీ పక్కలకే ఉంటాయి. ఆంగ్రే దగ్గరున్నవి అసలు ఆ జాతివే కావు. గురాబ్ అని ఒకటి: రెండు మూడు తెరచాప కొయ్యలు, 150 నుంచి 400 టన్నుల దాకా బరువు, అడుగు మాత్రం లోతు తక్కువ. ముక్కు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ ముక్కు మీదుగా నేరుగా ఎదురుకి కాల్చే ఫిరంగులుంటాయి. రెండోది గల్బత్: 70 టన్నుల లోపు, నలభై యాభై తెడ్లు.

ఇప్పుడు గాలి. వానాకాలం పోయాక ఆ తీరంలో రాత్రంతా నేల మీంచి సముద్రంలోకి గాలి వీస్తుంది. మధ్యాహ్నం తర్వాత వాయవ్యం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. ఈ రెంటికీ మధ్య, పొద్దెక్కే వేళ, గాలి చచ్చిపోతుంది. తెరచాపలు తడిబట్టల్లా వేలాడతాయి. సరిగ్గా అప్పుడే ఏ ఖాడీ (సముద్రపు పాయ) మూలలోంచో గల్బత్‌లు తెడ్లేసుకుంటూ, గురాబ్‌లని తాళ్లతో లాక్కుంటూ వస్తాయి. ఓడ పక్కకి రావు, అక్కడ ఫిరంగులుంటాయి కదా. చుక్కాని వైపు, వెనక నుంచి వస్తాయి. ముందు మనుషుల జోలికి పోరు. కొయ్యలు, తాళ్లు, తెరచాపలు చూసి కొడతారు. ఓడ కుంటిదయ్యాక చుట్టుముట్టి ఒక్కో గల్బత్ నుంచి రెండు మూడొందల మంది కత్తులతో పైకెక్కేస్తారు. 1735లో లండన్ నుంచి వస్తున్న డెర్బీ అనే పెద్ద ఓడని కాన్హోజీ కొడుకు సంభాజీ పట్టుకున్నది కొయ్యలు కూలగొట్టిన తర్వాతే.

ఇక నీ నడక సంగతి. నువ్వు టైమ్ చూసుకుని వెళ్లి, నీళ్లు పెరిగేలోపు వచ్చేసి ఉంటావు. అదే టైములో నిచ్చెనలు, తుపాకులు, మందుగుండు మోసుకుంటూ పాచిరాళ్ల మీద కోట దాకా వెళ్లి గోడ ఎక్కాలనుకో. నీళ్లు తగ్గినప్పుడు సైన్యం నడవగలదు, కానీ ఓడలు దగ్గరికి రాలేవు. నీళ్లు పెరిగితే ఓడలు రాగలవు, సైన్యం నడవలేదు. రెండూ ఒకేసారి కోట ముందు ఉండే సందర్భమే లేదు. దానికి తోడు ఒడ్డున హీరాకోట్ అని ఇంకో కోట, 1720లో కాన్హోజీయే కట్టించాడు. అలీబాగ్‌లో చూసే ఉంటావు.

బాంబే గవర్నర్ చార్లెస్ బూన్ మొండివాడు. 1715 చివర్లో వచ్చాడు. ఊరి చుట్టూ గోడ కట్టించాడు, యుద్ధ ఓడలు కట్టించాడు. 1718 నవంబర్‌లో ఖాండేరి మీదికి తనే స్వయంగా వెళ్లాడు. ఆ దీవి చుట్టూ రాళ్లు, దిగడానికి వీలైన చోట్లు తక్కువ. దిగినవాళ్లు పైనుంచి వచ్చే తూటాలకి నిలవలేక వెనక్కొచ్చేశారు. ఘేరియా మీదికి 1720లో వెళ్లినప్పుడు ‘ఫ్రామ్’ అని కొత్త సరంజామా తీసుకెళ్లారు. అడుగు చదునుగా ఉండే తేలే ఫిరంగుల దిమ్మె. లోతు తక్కువ నీళ్లలో కోట దగ్గరికి చేర్చి కొట్టాలని ప్లాను. ఆలోచన తప్పు కాదు, నేనైనా అదే చెప్పేవాణ్ణి. తీరా కాలిస్తే గుండ్లు కోట దాకా పోకుండా నీళ్లలో పడ్డాయి. ఫిరంగులు పెట్టే కంతలు ఎంత కిందికి కట్టారంటే మూతి పైకెత్తడానికి వీల్లేదు! కట్టినవాడు ఒక్కసారి హార్బర్లో కాల్చి చూడాల్సింది.

1721 చివర్లో అన్నిటికంటే పెద్ద ప్రయత్నం. ఇంగ్లండ్ రాజు నేవీ నుంచి కమొడోర్ థామస్ మాథ్యూస్ నాలుగు ఓడలతో వచ్చాడు. గోవా నుంచి పోర్చుగీసు వైస్రాయ్ వచ్చాడు. రెండు సైన్యాలు కలిపి ఆరు వేల మంది దాకా, చౌల్ దగ్గర నేల మీద దిగి కొలాబా వైపు కదిలారు. నిచ్చెనలేసి గోడ ఎక్కబోయారు, పోర్చుగీసు వరస చెదిరిపోయింది, ఫిరంగులు వదిలేసి పారిపోయారు. మాథ్యూస్ కోపంతో ఒడ్డుకి దిగి పోర్చుగీసు సేనాని నోట్లో చేతికర్ర పొడిచాడని ఆ దండయాత్రలో ఉన్న ఓ ఇంగ్లీషు నావికుడే రాశాడు. పొత్తు ఎంత గట్టిదో చూడు. ఆ తర్వాత పేష్వా (మరాఠా ప్రధాని) బాజీరావు గుర్రపు దళంతో రావడం, 1722 జనవరిలో పోర్చుగీసువాళ్లు ఇంగ్లీషువాళ్లని పక్కన పెట్టి మరాఠాలతో విడిగా సంధి చేసుకోవడం, అంతా చకచకా అయిపోయాయి. డచ్చివాళ్లు కూడా 1724లో ఘేరియా మీద చెయ్యి కాల్చుకున్నారు.

1756 సంగతి విడిగా రాస్తాను. ఈ వేళ్లతో ఫోన్లో టైప్ చేయడం నా వల్ల కావట్లేదు.

బందరు_బిడ్డ

సరంగు గారు, అదరగొట్టారు. దొంగ సంగతి నేను చెప్తాను, మా ఊరి నుంచి మొదలుపెట్టి.

పోర్చుగీసువాళ్లు వచ్చిన కొత్తల్లోనే హిందూ మహాసముద్రంలో తిరిగే ప్రతి ఓడా తమ దగ్గర ‘కార్తాజ్’ అనే అనుమతి పత్రం కొనుక్కోవాలన్నారు. పత్రం ఖరీదు తక్కువే. దాని కింద షరతులే బరువు: తమ రేవుల్లో ఆగాలి, సుంకం కట్టాలి, చెప్పిన సరుకులు ఎక్కించకూడదు. పత్రం లేకపోతే ఓడా సరుకూ వాళ్లవే. మచిలీపట్నం నుంచి వెళ్లే గోల్కొండ ఓడలూ ఈ బాధ పడ్డాయి. ఇంగ్లీషువాళ్లు 1611లో మా బందర్లో దిగినప్పుడు మామూలు వర్తకులే. బలం వచ్చాక వాళ్లూ పాసులు ఇవ్వడం మొదలుపెట్టారు. దీన్ని ఎవరూ దొంగతనం అనలేదు.

కాన్హోజీ చేసింది అదే పని. ఆయన 1698 ప్రాంతం నుంచి మరాఠా నౌకాదళానికి సర్‌ఖేల్, అంటే అధిపతి. కొంకణ తీరంలో తిరిగే ఓడలు ఆయన దస్తక్ (అనుమతి పత్రం) తీసుకోవాలి, లేకపోతే పట్టుకుంటాడు. మొఘలుల తరఫున జంజీరా దీవికోటని ఏలే సిద్దీ, గోవాలో పోర్చుగీసు, బాంబేలో కంపెనీ, అందరికీ పక్కలో బల్లెం.

1713లో కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఇంగ్లీషు ఓడల జోలికి రానన్నాడు. గొడవంతా ఇంగ్లీషు ఓడ అంటే ఏదన్న దగ్గరే. కంపెనీ సరుకు మోసే ఓడ అన్నది ఆంగ్రే లెక్క. బాంబే, సూరత్ వ్యాపారులు తమ సొంత సరుకుని కంపెనీ జెండా కింద ఉచితంగా దాటిస్తుంటే ఆయన ఆదాయానికి గండి పడదా? కంపెనీ సూరత్ బ్రోకర్ ఓడ ‘సక్సెస్’ని పట్టుకున్నప్పుడు పెద్ద రభస జరిగింది. ఆంగ్రే లెక్కలో అది వ్యాపారి ఓడ. బూన్ లెక్కలో కంపెనీ మీద దాడి. పైగా కంపెనీ ఉద్యోగులు కూడా జీతం తక్కువ, సొంత వ్యాపారం ఎక్కువ బాపతు. ఎవరి సరుకు ఎవరిదో తేల్చడం దేవుడి తరం కాదు.

అసలు దొంగలు వేరే ఉన్నారు. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషువాడు ఔరంగజేబు ఓడ గంజ్-ఎ-సవాయీని దోచాడు, హజ్ నుంచి వస్తున్న ఆడవాళ్లని చెరిచారు. దానికి సూరత్‌లో కంపెనీవాళ్లని నెలల తరబడి బంధించారు. 1720లో కొమొరో దీవుల దగ్గర సముద్రపు దొంగలతో గంటల తరబడి పోరాడి కసాండ్రా ఓడని పోగొట్టుకున్న కెప్టెన్ జేమ్స్ మెక్రే తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు, 1725 నుంచి 1730 దాకా. మాథ్యూస్‌ని లండన్ నుంచి పంపింది కూడా అసలు మడగాస్కర్ దొంగల్ని పట్టమని. ఆయన వచ్చి ఆంగ్రే కోట ముందు తేలాడు.

నిజం_మాట్లాడదాం

ఇలాగే వదిలేస్తే ఆంగ్రేని స్వాతంత్ర్య సమరయోధుణ్ణి చేసేస్తారు. ఓ మలబారు వ్యాపారి వైపు నుంచి చూడండి. సిద్దీకి ఒకటి, పోర్చుగీసుకి ఒకటి, కంపెనీకి ఒకటి, ఆంగ్రేకి ఒకటి. నాలుగు పాసులు కొనాలి. ఒకటి లేకపోయినా సరుకు గోవిందా. కంపెనీ జెండా కిందికి దూరారంటే ఊరికే దూరారా? అది కాస్త చవకైన రక్షణ అనిపించింది కాబట్టే.

ఆంగ్రే దగ్గర యూరోపియన్లూ పనిచేశారు. మడగాస్కర్లో రాజులా బతికిన జేమ్స్ ప్లాంటేన్ అనే సముద్రపు దొంగ చివరికి తేలింది ఆంగ్రే కొలువులోనే. దొంగలకి ఉద్యోగమిచ్చినవాణ్ణి ఏమనాలి? ఆయన రాజ్యోద్యోగి అన్నది నిజమే, ఒప్పుకుంటాను. 1713-14 ప్రాంతంలో పేష్వా బాలాజీ విశ్వనాథ్ వచ్చి మాట్లాడి శాహూ మహారాజు పక్షానికి తిప్పుకునేదాకా ఆయన ఎవరి మాటా వినలేదన్నదీ నిజమే.

డిగ్రీ_కాలేజీ_మేష్టారు

పై వాదనలో ఇద్దరూ సగం సగం కరెక్టే. నేను ఇద్దరు మనుషుల గురించి చెప్తాను, ఎందుకంటే ఈ గొడవలో నలిగింది వీళ్లు.

మొదటామె క్యాథరిన్ కుక్. తండ్రి కలకత్తాలో కంపెనీ కొలువు. 1709లో కుటుంబంతో వస్తుంటే ఓడ కార్వార్‌లో ఆగింది. అక్కడి కంపెనీ స్థావరం పెద్ద జాన్ హార్వే, వయసు మళ్లినవాడు, ఈ పిల్లని చూసి పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి అప్పటికి పదమూడో పద్నాలుగో ఏళ్లు. అతను పోయాక థామస్ చౌన్‌ని చేసుకుంది. 1712 నవంబర్‌లో బాంబే నుంచి కార్వార్ వెళ్తుంటే ఆంగ్రే గురాబ్‌లు పడ్డాయి. రక్షణగా వచ్చిన బాంబే గవర్నర్ ఐస్లాబీ సొంత ఓడ కూడా చిక్కింది. ఫిరంగి గుండు తగిలి చౌన్ ఆమె చేతుల్లోనే పోయాడు. ఆమె గర్భిణి. కొలాబా కోటలో బందీగా ఉంది, అంటే మీరు చూసొచ్చిన కోటే. 30,000 రూపాయలు కట్టి 1713 ఫిబ్రవరిలో విడిపించుకున్నారు.

తర్వాత విలియం గిఫర్డ్‌ని చేసుకుంది. అతను కేరళ తీరంలో అంజెంగో స్థావరం పెద్ద అయ్యాడు. 1721 ఏప్రిల్‌లో ఆట్టింగల్ రాణికి కానుకలు పట్టుకుని దాదాపు 140 మందితో వెళ్లి, అందరితో పాటు చచ్చాడు. మిరియాల ధరల్లో, తూకాల్లో అతను చేసిన మోసాలకి స్థానికుల కోపం ఎప్పటి నుంచో రగులుతోంది. ఆమె మిగిలిన ఆడవాళ్లతో పడవెక్కి మద్రాసు చేరితే, కంపెనీ పరామర్శ మానేసి మొగుడి లెక్కలు తేల్చమని వెంటపడింది! చివరికి ఆమె పక్షాన నిలబడి తన ఓడలో ఇంగ్లండ్ తీసుకెళ్లింది ఎవరనుకున్నారు? పైన చేతికర్రతో పొడిచిన మాథ్యూసే.

రెండో మనిషి రామా కామతి. బాంబేలో శేణ్వీ కులపు వర్తకుడు, కంపెనీ సిపాయిలకి నాయకుడు కూడా. వాల్కేశ్వర్ గుడిని 1715లో తిరిగి కట్టించింది ఆయనే. 1718 క్రిస్మస్ రోజున ఇప్పటి సెయింట్ థామస్ కథీడ్రల్ తెరిచినప్పుడు తన కులంవాళ్లతో వచ్చి బయట నిలబడి ప్రార్థన విన్నాడు. ఖాండేరిలో దెబ్బతిన్న కొన్ని వారాలకే అన్నమాట. ఓటమికి ఎవరో ఒకరు కావాలి కదా. మొదట మాన్యుయెల్ డి కాస్ట్రో అనే పోర్చుగీసుని అన్నారు. తర్వాత రామా కామతి ఆంగ్రేకి రహస్యంగా ఉత్తరాలు రాశాడన్నారు. ఉత్తరాలు దొంగవి, ముద్ర దొంగది. ఒక సాక్షి బొటనవేళ్లకి ఇనుప మరలు బిగించి నిజం చెప్పించారు, ఏ నిజమో ఊహించుకోండి. 1720లో శిక్ష వేసి ఆస్తి లాక్కున్నారు. 1728లో జైల్లోనే పోయాడు.

కోటలు కట్టిన తీరూ గాలీ తెలియక ఓడిపోయామని బూన్ ఒప్పుకుని ఉంటే ఆ మనిషి బతికేవాడు.

కొత్తగా_ముంబయి

మేష్టారూ, ఆ చర్చి మా ఆఫీసుకి దగ్గరే, రోజూ దాని ముందు నుంచే పోతాను. ఈ కథ ఎవరూ చెప్పలేదు. సరంగు గారూ, 1756 బాకీ ఉంది మీరు.

పాత_సరంగు

మర్చిపోలేదు తమ్ముడూ. మా మనవరాలు ఫోన్లో మాట్లాడితే అక్షరాలు పడేలా చేసిపెట్టింది. ఇక ఆగను.

కాన్హోజీ 1729లో పోయాడు. కొడుకుల మధ్య చీలిక వచ్చింది. మానాజీ కొలాబాలో, సంభాజీ దక్షిణాన, సంభాజీ తర్వాత తుళాజీ. ఈ తుళాజీ నీళ్ల మీద తండ్రిని మించినవాడు. 1749లో కంపెనీ ఓడ ‘రెస్టొరేషన్’ని పట్టేసి తన దళంలో కలిపేసుకున్నాడు. కానీ పేష్వాకి కప్పం కట్టడు, మాట వినడు. కొంకణంలో పేష్వా మనుషులతోనే గొడవలు. దాంతో పేష్వా నానాసాహెబ్ ఎవరూ ఊహించని పని చేశాడు, కంపెనీతో చేతులు కలిపాడు.

1755 ఏప్రిల్‌లో కంపెనీ కమొడోర్ విలియం జేమ్స్ తుళాజీ కోట సువర్ణదుర్గ్‌ని కొట్టాడు. లోపల మందుగుండు గది పేలింది, కోట లొంగింది. తర్వాత ఘేరియా. ఇక్కడో తమాషా. రాబర్ట్ క్లైవ్ అప్పుడే సైన్యంతో బాంబే వచ్చి ఉన్నాడు. ఆ సైన్యం వచ్చింది ఆంగ్రే కోసం కాదు, హైదరాబాద్‌లో నిజాం దగ్గర తిష్ఠ వేసిన ఫ్రెంచి బుస్సీ మీదికి. ఆ పథకం మూలపడింది. చేతిలో సైన్యం ఉంది, రాజు నేవీ అడ్మిరల్ వాట్సన్ ఓడలున్నాయి, ఊరికే కూర్చోబెట్టడమెందుకని ఘేరియాకి తిప్పారు. బయల్దేరే ముందే దోపిడీ సొమ్ము ఎలా పంచుకోవాలో బాంబేలో కూర్చుని రాసుకున్నారు. అందులో మరాఠాల వాటా లేదు.

1756 ఫిబ్రవరి 12న వాట్సన్ ఓడలు వాఘోటన్ నది మూతిలోకి దూరి కాల్పులు మొదలుపెట్టాయి. తుళాజీ దళమంతా కోట పక్కన ఒకదానికొకటి కట్టేసి ఉంది. ఒక పేలుడు గుండు వెళ్లి ఆ రెస్టొరేషన్ మీదే పడింది. అంటుకుంది. తారు పూసిన తాళ్లు, ఎండిన టేకు, పక్కపక్కనే కట్టిన ఓడలు. గంటల్లో మొత్తం దళం కాలిపోయింది. ఓడల మనిషిగా చెప్తున్నాను, ఆ రోజు తుళాజీ చేసిన తప్పు వాటిని గొలుసులా కట్టెయ్యడమే. ఆ గల్బత్‌లు నదిలో పైకి పోయి ఉంటే వాట్సన్ పెద్ద ఓడలు అక్కడికి పోలేవు. 13న కోట లొంగింది. మరాఠాలు ముందు లోపలికి రాకుండా క్లైవ్ సైన్యంతో నేల వైపు అడ్డం నిలబడ్డాడు. దాదాపు పది లక్షల రూపాయల సొమ్ము ఇంగ్లీషువాళ్లే పంచుకున్నారు. తుళాజీ అంతకు ముందే సంధి మాటలకని మరాఠా శిబిరానికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు, మిగిలిన జీవితం వాళ్ల బందీఖానాలోనే.

ఫిరంగులా అని అడిగావు కదా. వాట్సన్ ఓడలు పెద్దవే, కొట్టినవాళ్లకి పని కూడా బాగా తెలుసు, కాదనను. కానీ మాథ్యూస్ తెచ్చినవీ రాజు నేవీ ఓడలే కదా. 1721లో కొలాబా వెనక నేల అంతా ఆంగ్రేది. బాజీరావు గుర్రాలు ఆ నేల మీంచే వచ్చాయి. 1756లో ఘేరియా వెనక నేల మీద దిగి ఉన్నది అదే పేష్వాల సైన్యం, ఈసారి తుళాజీ దారి మూస్తూ. సముద్రపు కోటకి తిండి, మందు, మనుషులు అన్నీ వెనక నుంచే రావాలి.

ఘేరియాని మరాఠాలకి అప్పగిస్తామన్న మాట ముందే ఉంది. అక్టోబర్ దాకా లాగి, బదులుగా కొంకణ తీరంలోని బాణ్‌కోట్ కోటని రాయించుకున్నాకే ఇచ్చారు. కాలిపోయిన ఓడలు పేష్వా రాజ్యానివే కాబట్టి ఆ కోటలోకి తిరిగి వెళ్లినవాళ్లకి రేవులో కట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

బందరు బిడ్డా, పాసుల గురించి నువ్వు రాసింది నాకు కొత్త. అయితే మా రోజుల్లోనూ రేవుకో కాగితం, కాగితానికో ఫీజు ఉండేవిలే.